పద్నాలుగో వరుస

ప్వెర్టో మాల్డొనాడోలో వాన వెలిసిన పొద్దున
అందరూ బురద చెప్పులతో ఎక్కారు.
అడవి బాదం మూటలు, ఒక కుట్టుమిషను తలకాయ,
తల్లి భుజమ్మీద కునికే పసిపిల్ల.
పద్నాలుగు సి లో సటుర్నీనో,
చొక్కా జేబులో దగ్గుమందు సీసా.
అందులో ఉన్నది దగ్గుమందు కాదు.

ఆండీస్ మీద విమానం ఒకసారి తూలింది.
పెద్ద కుదుపేం కాదు,
కాఫీ కప్పు అంచుదాకా వచ్చి వెనక్కి తగ్గేంత.
ముసలాయన జేబు తడుముకున్నాడు,
మూత బిగువుగా ఉందో లేదో చూద్దామని తీశాడు.
ఆయన చేతులు వణుకుతాయి. ఎన్నో ఏళ్ళుగా.

చప్పుడు కాలేదు.
వెండి ఆవగింజలు,
ఒకటి రెండై, రెండు ఏడై,
తివాచీ మీద, సీటు పట్టాల సందుల్లో.
పేరులోనే పాదం పెట్టుకున్న రసం
ఉన్నచోట ఉంటుందా?
పసిపిల్ల నిద్రలేచి చెయ్యి చాపింది.

ఎడెల్మీరా ఎగరబట్టి పదకొండేళ్ళు.
ఫోను పొగ కక్కితే నీళ్ళెక్కడున్నాయో
ఆమె కాళ్ళకి తెలుసు.
ఇది పొగ కక్కదు, వాసన రాదు, అరవదు.
శిక్షణ పుస్తకంలో దీనికి అరపేజీ,
ఏ పరీక్షలోనూ అడగని అరపేజీ:
తుడవకు. ఊడవకు. తొక్కనివ్వకు.
మనుషుల్ని దూరం జరుపు. కెప్టెన్‌కి చెప్పు.
చేతికి బంగారముంటే తీసెయ్.

ఉంగరం రాలేదు.
ఆ ఎత్తులో వేళ్ళు ఉబ్బుతాయి,
సబ్బు వెతికే తీరిక లేదు,
దాని మీదే గ్లవ్ తొడుక్కుంది.

"కిటికీ సీటుకి డబ్బు కట్టాను" అంది పదమూడు ఎ.
ఒకడు లేవకుండానే వీడియో తీశాడు.
ఫోన్‌లో కెప్టెన్ గొంతు తగ్గించి అన్నాడు:
"మన బండి ఒళ్ళంతా అల్యూమినియం.
గీత పడ్డచోట ఒక్క చుక్క దూరిందంటే
దూలానికి చెద పట్టినట్టే,
తెల్లటి బూజు పూసుకుంటూ తింటుంది.
ఎన్ని దొరికితే అన్ని."

రెండు బోర్డింగ్ కార్డులు, కాస్త టేపు,
ఎవరిదో కంటిమందు డ్రాపర్.
మోకాళ్ళ మీద ఆమె.
ఒక పూసని ముట్టుకుంటే పది.

"అలా కాదమ్మా" అన్నాడు ముసలాయన, పక్కన చతికిలబడి.
లేపి వెనక్కి పంపాలి. అరపేజీ చెప్పేదదే.
ఆమె రెండో జత గ్లవ్స్ ఆయనకిచ్చింది.
కార్డు అంచుతో ఒక పూసని ఇంకో పూస దగ్గరికి తోలాడు,
పెద్దదాన్ని ఎరగా పెట్టి చిన్నవాటిని పిలిచాడు.
ముప్పై ఏళ్ళు ఏటి ఇసకలో నేర్చిన పని.
చేతులు వణుకుతూనే ఉన్నాయి,
ఒక్క పూసా పక్కకి పోలేదు.

లిమాలో ఎప్పటిలాగే మబ్బు ముసుగు.
ముఖాలు కనబడని మనుషులు తెల్ల బట్టల్లో వచ్చారు.
విమానం తొమ్మిది రోజులు కదల్లేదు,
నేల పలకలు విప్పి టార్చిలతో వెతికారు.
ఎన్ని దొరకలేదో ఎవరూ లెక్క చెప్పలేరు.
పోలీసుల్ని సటుర్నీనో ఒకటే అడిగాడు:
"సీసా తిరిగిస్తారా? నాలుగు నెలల పనికి సరిపడా సరుకది."

గ్లవ్ ఎప్పుడు చిరిగిందో ఏమో.
ఎడెల్మీరా వేలిమీద
పెళ్ళినాటి పసుపు రంగు సగం పోయి
బూడిదరంగు మచ్చ.

మెట్ల దగ్గర ఆయన చూశాడు.
"భయపడకమ్మా, నిప్పుమీద పెట్టు.
రసం పొగైపోతుంది, బంగారం మిగులుతుంది.
బతుకంతా నేను చేసిందదే."

ఆ పొగ ఎటు పోయేదని అడగబోయి
ఆయన చేతుల వంక చూసి
ఊరుకుంది.